అక్షయ తర్వాత మళ్లీ ప్రభవ: కెర్నల్ నెట్‌వర్కింగ్‌లో ఇంటీజర్ ఓవర్‌ఫ్లో ఎలా ప్రమాదమవుతుంది

క్లుప్తంగా: కంప్యూటర్‌లో ప్రతి సంఖ్యకూ నిర్ణీతమైన చోటు ఉంటుంది. చోటు చాలకపోతే సంఖ్య చుట్టు తిరిగి మళ్లీ సున్నా నుంచి మొదలవుతుంది. దీన్నే ఇంటీజర్ ఓవర్‌ఫ్లో అంటారు. అలా తిరిగిన సంఖ్యతో కెర్నల్ (ఆపరేటింగ్ సిస్టమ్‌కు గుండెకాయ లాంటి భాగం) మెమరీని కొలిస్తే భద్రతా లోపం పుడుతుంది. 2019 నాటి శాక్ పానిక్, 2017లోనూ 2020లోనూ బయటపడ్డ ప్యాకెట్ సాకెట్ లోపాలు, 2024 నాటి విండోస్ ఐపీవీ6 లోపం ఈ కోవలోవే. అయితే సర్వర్లలో లోపాలను వెతికే స్కాన్ రిపోర్టులో ఈ పేరు కనిపించినంత మాత్రాన ఊరూపేరూ లేనివాళ్లు బయటి నుంచి దాడి చేయగలరని కాదు.

బెంగళూరులో వైట్‌ఫీల్డ్, ఔటర్ రింగ్ రోడ్, ఎలక్ట్రానిక్ సిటీ ఆఫీసుల్లో సర్వర్లు చూసుకునే టీముల్లో తెలుగువాళ్లు తక్కువేమీ కాదు. శని, ఆదివారాల చేంజ్ విండోల్లో (మార్పులకు కేటాయించిన గంటల్లో) పాచ్‌లు, అంటే దిద్దుబాట్లు, వేసి, రీబూట్ చేసి, మిషన్ తిరిగి లేచేదాకా టెన్షన్‌గా తెర వైపు చూస్తూ కూర్చునేది వీళ్లే. వాళ్ల ముందుకొచ్చే స్కాన్ రిపోర్టుల్లో ‘ఇంటీజర్ ఓవర్‌ఫ్లో’ అన్న మాట తరచుగా కనిపిస్తుంది. ఒక వరుసలో దాని పక్కన ‘క్రిటికల్’ అని ఉంటుంది, ఇంకో వరుసలో ‘మీడియం’ అని. మరో వరుసలో అసలు స్కోరే ఉండదు. పేరు ఒక్కటే అయినప్పుడు తీవ్రతలో ఇంత తేడా ఎందుకు? జవాబు కోసం కూడికలు, తీసివేతల దాకా వెనక్కి వెళ్లాలి.

అరవై పేర్ల లెక్క

ఉగాది నాడు పంచాంగ శ్రవణంలో కొత్త సంవత్సరం పేరు వినిపిస్తుంది. ప్రభవతో మొదలై అక్షయతో ముగిసే అరవై పేర్లు తెలుగువారికీ కన్నడిగులకూ ఉమ్మడి సొత్తు. ఆ రోజు మల్లేశ్వరంలో విన్నా మారతహళ్లిలో విన్నా పేరు ఒకటే. 1927లో వచ్చిన ప్రభవ 1987లో మళ్లీ వచ్చింది. ఒక తాతగారూ ఆయన మనవడూ ఇద్దరూ ప్రభవలోనే పుట్టారనుకుందాం. పేర్లు మాత్రమే చూసి వయసుల తేడా కడితే సున్నా వస్తుంది. ఇంట్లో ఎవరూ ఆ పొరపాటు పడరు, ఎందుకంటే తాతగారు ఎదురుగానే ఉంటారు. ప్రాసెసర్‌కు ఆ సౌకర్యం లేదు. దానికి కనిపించేది పేరు ఒక్కటే.

ప్రాసెసర్ చక్రంలో అరవైకి బదులు వేరే సంఖ్యలుంటాయి. ఒక బిట్‌లో 0 గానీ 1 గానీ పడుతుంది. 16 బిట్ల గదిలో 0 నుంచి 65535 వరకు పడుతుంది. 65535కు 1 కలిపితే 0. 32 బిట్ల గదిలో 4294967295 దాటగానే మళ్లీ 0. వెనక్కీ ఇదే తంతు: 16 బిట్ల గదిలో 3 లోంచి 5 తీసేస్తే మైనస్ 2 రాదు, 65534 వస్తుంది. దీన్ని అండర్‌ఫ్లో అంటారు. ఇక ‘సైన్డ్’ సంఖ్యల్లో పై బిట్ గుర్తుకు కేటాయించి ఉంటుంది కాబట్టి, ఒకే బిట్ల వరుస ఒక చోట భారీ ధన సంఖ్యగానూ ఇంకో చోట రుణ సంఖ్యగానూ చదవబడుతుంది.

కెర్నల్ కోడ్ రాసే సీ భాషలో గుర్తులేని సంఖ్యలు ఇలా చుట్టు తిరగాలని ప్రమాణమే చెప్తుంది. సైన్డ్ సంఖ్యలు పొంగితే ఏమవుతుందో ప్రమాణం చెప్పదు. లినక్స్ కెర్నల్‌ను ఆ అనిశ్చితి పోయే ఆప్షన్‌తో కంపైల్ చేస్తారు గనుక అక్కడ అవి కూడా చుట్టు తిరుగుతాయి. ఏ సందర్భంలోనూ ప్రోగ్రాం ఆగదు, హెచ్చరిక రాదు. తప్పుడు జవాబు ఒప్పు జవాబులాగే ముందుకు సాగిపోతుంది.

తిరగడమే ఉద్దేశమైన చోట

చుట్టు తిరగడం దానంతటది తప్పు కాదు, పంచాంగం తప్పు కానట్టే. ఇంటర్నెట్‌లో డేటాను వరుస తప్పకుండా చేరవేసే టీసీపీ అనే పద్ధతిలో పంపే ప్రతి బైటుకూ 32 బిట్ల వరుస సంఖ్య ఉంటుంది. 1 గిగాబిట్ లింకు మీద నిండు వేగంతో డేటా పంపితే దాదాపు 34 సెకన్లలో ఆ చక్రం ఒకసారి పూర్తవుతుంది. ఆ సంగతి తెలిసే దాన్ని అలా కట్టారు. రెండు వరుస సంఖ్యల్లో ఏది ముందుదో తేల్చేటప్పుడు కెర్నల్ వాటిని నేరుగా పోల్చదు. ఒకదాంట్లోంచి ఇంకోటి తీసేసి, ఆ తేడా రుణమా ధనమా అని చూస్తుంది. రెండూ చక్రంలో సగం కంటే ఎక్కువ దూరంలో లేనంతవరకు ఈ పద్ధతి తప్పదు.

నెట్‌వర్క్ వేగాలు పెరిగాక పాత చుట్టులోని ప్యాకెట్ దారితప్పి ఆలస్యంగా వచ్చి కొత్త చుట్టులో దూరే ప్రమాదం తలెత్తింది. 1992లో వచ్చిన ఆర్‌ఎఫ్‌సీ 1323 అనే ఇంటర్నెట్ ప్రమాణ పత్రం ప్రతి ప్యాకెట్‌కూ టైమ్‌స్టాంప్ జోడించి దాన్ని పరిష్కరించింది. ప్రభవ పక్కన శాలివాహన శక సంవత్సరం కూడా రాసుకోవడం లాంటిదే ఇది.

లినక్స్ లోపలి గడియారపు లెక్క ఇంకా తమాషాగా ఉంటుంది. ‘జిఫీస్’ అనే ఈ 32 బిట్ల లెక్క సెకనుకు 1000 చొప్పున పెరిగితే సుమారు 49.7 రోజులకు చుట్టు తిరుగుతుంది. ఆ రోజు వచ్చేదాకా ఏ డ్రైవర్ కోడ్‌లో తప్పుందో తెలియదు కాబట్టి, కెర్నల్ రాసేవాళ్లు దాన్ని సున్నా దగ్గర మొదలుపెట్టడం మానేశారు. మిషన్ ఆన్ చేసిన 5 నిమిషాలకే చుట్టు తిరిగేలా ముందుకు జరిపి పెట్టారు. తప్పు ఉంటే టెస్టింగ్ టేబుల్ మీదే బయటపడుతుంది.

ఈ మూడు చోట్లా సంఖ్య చెప్పేది వరుసనే. పరిమాణంతో దానికి పని లేదు. అదే సంఖ్య ‘ఎంత మెమరీ కావాలి’, ‘ఎక్కడి నుంచి రాయాలి’, ‘ఎన్ని ముక్కలున్నాయి’ అన్న ప్రశ్నలకు జవాబైనప్పుడు కథ మారుతుంది.

శాక్ పానిక్: 69632ను 16 బిట్లలో కుక్కితే

2019 జూన్ 17న నెట్‌ఫ్లిక్స్ ఇంజినీరు జొనాథన్ లూనీ కనుగొన్న లోపాలు కొన్ని వెల్లడయ్యాయి. వాటిలో ముఖ్యమైనది సీవీఈ-2019-11477 (సీవీఈ అంటే బయటపడ్డ భద్రతా లోపానికి ఇచ్చే గుర్తింపు నంబర్). దానికి శాక్ పానిక్ అని పేరు పడింది. కెర్నల్ 2.6.29 నుంచి, అంటే 2009 నుంచి, అది లినక్స్‌లో ఉంది.

శాక్ అన్నది టీసీపీలో ఒక సదుపాయం. పది డబ్బాల పార్సిల్‌లో మూడోది రాకపోతే ‘మూడోది తప్ప మిగతావి అందాయి’ అని కబురు పంపడం దాని పని. దాంతో పంపేవైపు మూడో డబ్బాను మాత్రమే మళ్లీ పంపుతారు. పంపేవైపు కెర్నల్ ఇంకా రసీదు రాని డేటాను బఫర్లలో, అంటే తాత్కాలిక మెమరీ చోట్లలో, దాచి ఉంచుతుంది. శాక్ కబుర్లు వచ్చేకొద్దీ, అందాయని తేలిన పక్కపక్క బఫర్లను ఒకదాంట్లోకి కలిపేస్తుంది. అలా కలిపిన బఫర్‌లో ఎన్ని సెగ్మెంట్లు (టీసీపీ ఒక్కో విడతకు పంపే డేటా తునకలు) ఉన్నాయో చెప్పే లెక్క 16 బిట్ల గదిలో ఉంటుంది.

ఇక్కడ అంకెలు చూస్తేనే విషయం అర్థమవుతుంది. ఒక బఫర్‌లో గరిష్ఠంగా 17 ముక్కలు పడతాయి. ఇంటెల్ తరహా మిషన్లలో ఒక్కో ముక్క 32 కేబీ వరకు ఉండవచ్చు. అంటే మొత్తం 557056 బైట్లు. సాధారణంగా ఒక సెగ్మెంట్‌లో 1400 పైచిలుకు బైట్లు పోతాయి గనుక సెగ్మెంట్ల సంఖ్య నాలుగు వందలు కూడా దాటదు. 65535 గది చాలా విశాలంగా కనిపిస్తుంది. కానీ సెగ్మెంట్ ఎంత పెద్దదై ఉండాలో కనెక్షన్ మొదట్లో చెప్పేది అవతలివాళ్లు. కెర్నల్ ఒప్పుకునే కనిష్ఠ విలువ 48. అందులో టీసీపీ ఆప్షన్లకు 40 బైట్లు పోతే డేటాకు మిగిలేది 8. 557056ను 8తో భాగిస్తే 69632. గదిలో పట్టేది 65535.

గది పొంగింది, లెక్క చుట్టు తిరిగింది. తర్వాతి అడుగులో కెర్నల్ తన లెక్కలు పొసగుతున్నాయో లేదో చూసుకునే తనిఖీ ఒకటి ఉంది. అది పొసగకపోవడాన్ని గమనించి మిషన్‌ను ఆపేసింది. అదే పానిక్. అంటే ఇక్కడ ఎవరూ మెమరీలోకి చొరబడలేదు, డేటా దొంగిలించలేదు. కాపలాదారే తలుపు మూసి తాళం వేసుకున్నాడు. అయితే లాగిన్ లేకుండా, పాస్‌వర్డ్ లేకుండా, ఎక్కడో ఉన్నవాళ్లు పంపిన కొన్ని ప్యాకెట్లతో సర్వర్ పడిపోవడం చిన్న విషయమేమీ కాదు.

దిద్దుబాటు మాత్రం కొద్ది వరుసలే: కలిపితే సెగ్మెంట్లు 65535 దాటేట్టుంటే కలపొద్దు. పాచ్ వేసేలోగా శాక్‌ను ఆపేయడమో, మరీ చిన్న సెగ్మెంట్ సైజు అడిగే కనెక్షన్లను ఫైర్‌వాల్‌లో అడ్డుకోవడమో తాత్కాలిక ఉపాయాలుగా సూచించారు. మొదటి ఉపాయానికి ఖర్చుంది. ప్యాకెట్లు తరచుగా పోయే లింకుల మీద శాక్ లేకపోతే వేగం తగ్గుతుంది.

తనిఖీ ఉన్నా జారిపోయిన 2017

ఓవర్‌ఫ్లో అనగానే ‘తనిఖీ పెట్టడం మరిచారు’ అనుకోవడం మామూలే. 2017 నాటి సీవీఈ-2017-7308 అందుకు మంచి ప్రతివాదం. నెట్‌వర్క్ ట్రాఫిక్‌ను నేరుగా చూసే టూల్స్ కోసం లినక్స్‌లో ప్యాకెట్ సాకెట్లు ఉంటాయి. వాటికి రింగ్ బఫర్ (చివరిదాకా నిండాక మళ్లీ మొదటి నుంచి వాడుకునే బఫర్) ఏర్పాటు చేసేటప్పుడు ప్రోగ్రాం రెండు సంఖ్యలు ఇస్తుంది: ఒక బ్లాకు సైజు, అందులో సొంతానికి అట్టేపెట్టుకునే భాగం సైజు. రెండోది మొదటిదానికంటే పెద్దది కాకూడదు. కెర్నల్‌లో ఆ తనిఖీ ఉంది. బ్లాకు సైజులోంచి సొంత భాగాన్నీ, హెడర్‌నూ (ముందుండే వివరాల భాగం) తీసేసి, మిగిలింది సున్నా కంటే ఎక్కువా అని చూసింది.

బ్లాకు 4096 బైట్లు, హెడర్‌తో కలిపి సొంత భాగం 2147487792 బైట్లు అని ఇస్తే? కాగితం మీద జవాబు మైనస్ 2147483696. 32 బిట్ల గదిలో అది చుట్టు తిరిగి 2147483600 అవుతుంది. సైన్డ్‌గా చదివినా అది ధన సంఖ్యే. సున్నా కంటే ఎక్కువే కాబట్టి తనిఖీ పాసయింది! సోలెడు గిన్నెలో పుట్టెడు బియ్యం పడతాయని కెర్నల్ ఒప్పుకుంది. ఆపై ప్యాకెట్లు బ్లాకు దాటి పక్క మెమరీలోకి రాయబడే వీలు కలిగింది. ప్రోగ్రాంలు కెర్నల్‌కు పెట్టే కోరికలైన సిస్టమ్ కాల్స్‌ను అడ్డదిడ్డంగా పరీక్షించే సిజ్‌కాలర్ అనే టూల్ సాయంతో ఆండ్రీ కోనోవలోవ్ దీన్ని పట్టుకున్నారు. లోపం కోడ్‌లోకి వచ్చింది 2011లో. దిద్దుబాటులో తీసివేత తీసేసి, రెండు సంఖ్యలనూ 64 బిట్లలో నేరుగా పోల్చారు.

మూడేళ్లకు అదే ప్యాకెట్ సాకెట్ కోడ్‌లో సీవీఈ-2020-14386 బయటపడింది. ఈసారి ప్యాకెట్‌ను బఫర్‌లో ఎంత దూరంలో ఉంచాలో చెప్పే సంఖ్య 16 బిట్లది. దానికి కలిపే రిజర్వ్ సంఖ్య 32 బిట్లది, అది ఇచ్చేది ప్రోగ్రాం. కూడిక పొంగి దూరం అతి చిన్నదైపోతే, ప్యాకెట్‌కు ముందు రాసే 10 బైట్ల హెడర్ బఫర్ మొదలు కంటే వెనక్కి పడుతుంది. హద్దు దాటేది 1 నుంచి 10 బైట్లు మాత్రమే. అయినా దాంతో రూట్ అధికారం, అంటే మిషన్ మీద పూర్తి పెత్తనం, సంపాదించవచ్చని కనుగొన్నవారు చూపించారు. ఇది 2008 నుంచి ఉన్న లోపం. పన్నెండేళ్లు ఎవరి కంటా పడలేదంటే ఆశ్చర్యం లేదు. ఆ వరుసలో ప్లస్ గుర్తు తప్ప అనుమానించాల్సింది ఏమీ కనిపించదు.

ఈ రెంటికీ శాక్ పానిక్‌కూ ఉన్న తేడా స్కాన్ రిపోర్టు చదివేవాళ్లకు ముఖ్యం. ప్యాకెట్ సాకెట్ తెరవాలంటే మిషన్ మీద ముందే కోడ్ నడుపుతూ ఉండాలి, ‘నెట్ రా’ అనే అనుమతి కూడా కావాలి. సొంత సర్వర్‌లో అది పెద్ద అడ్డంకి. ఒకే కెర్నల్ మీద ప్రోగ్రాంలను విడివిడిగా నడిపే కంటైనర్ల ప్రపంచంలో అంత అడ్డంకి కాదు, ఎందుకంటే డాకర్ అనే టూల్‌తో నడిపే కంటైనర్లకు డిఫాల్ట్‌గా వచ్చే అనుమతుల్లో ఇదీ ఒకటి. పలువురు కస్టమర్ల కంటైనర్లు ఒకే కెర్నల్ మీద నడిచే చోట రిపోర్టులోని ‘లోకల్’ (మిషన్ లోపలి నుంచే దాడి) అన్న మాటను తేలిగ్గా తీసుకోలేం.

గుణకారంతో వచ్చే చిక్కు

కూడికా తీసివేతల కంటే గుణకారం ఇంకా త్వరగా గది నింపేస్తుంది. ఒక్కోటి 4 బైట్లుండే చిరునామాల జాబితాకు మెమరీ కావాలి. ప్రోగ్రాం చిరునామాల సంఖ్య 1073741824 అని చెప్పింది. 4తో గుణిస్తే సరిగ్గా 4294967296, అంటే 32 బిట్లలో సున్నా. కెర్నల్ చిన్న చోటు కేటాయించి, ఆ తర్వాత పెద్ద జాబితాను అందులో నింపబోతుంది. 2004లో వెల్లడైన సీవీఈ-2004-0424 ఈ జాతిదే. ఒకేసారి పలువురికి పంపే మల్టీకాస్ట్ ట్రాఫిక్‌కు ఫిల్టర్ పెట్టే సాకెట్ ఆప్షన్‌లో సైజు లెక్క పొంగింది.

పాతకాలపు ‘పింగ్ ఆఫ్ డెత్’ కూడా దూరపు చుట్టమే. ఐపీ ప్యాకెట్ మొత్తం పొడవు 65535 మించకూడదు. కానీ ముక్కలుగా వచ్చే ప్యాకెట్‌లో ఆఖరి ముక్క 65528 దగ్గర మొదలవ్వవచ్చు. ఆ ముక్క 7 బైట్లు మించితే అతికించిన ప్యాకెట్ హద్దు దాటుతుంది. 1990ల రెండో సగంలో చాలా ఆపరేటింగ్ సిస్టమ్‌లు దీంతో కూలిపోయాయి.

లినక్స్‌కే ఈ జబ్బు అనుకోవడానికి లేదు. 2024 ఆగస్టులో మైక్రోసాఫ్ట్ పాచ్ విడుదల చేసిన సీవీఈ-2024-38063 విండోస్ టీసీపీ/ఐపీ కోడ్‌లోని ఇంటీజర్ అండర్‌ఫ్లో. ప్రత్యేకంగా తయారుచేసిన ఐపీవీ6 (కొత్త తరం ఇంటర్నెట్ చిరునామాల పద్ధతి) ప్యాకెట్లు పంపి, వాడుకరి ఏ లింకూ నొక్కకుండానే, దూరం నుంచి కోడ్ నడిపించే ప్రమాదం ఉందంటూ దానికి 10కి 9.8 తీవ్రత స్కోరు ఇచ్చారు. ఐపీవీ6 వాడకంలో భారత్ ముందు వరుసలో ఉంది కాబట్టి ‘మన దగ్గర అది లేదులే’ అనుకునే వీలు ఇక్కడ తక్కువ.

గదులు ఇంత ఇరుకెందుకు

అన్నీ 64 బిట్లు చేసేస్తే పోదా? సగటు లాప్‌టాప్‌లో ఎనిమిది గిగాబైట్లుండగా రెండు బైట్ల పొదుపు పిసినారితనంలా కనిపించవచ్చు. కెర్నల్ లెక్క వేరు. లినక్స్‌లో ప్రతి ప్యాకెట్ బఫర్‌లోనూ ప్రోటోకాల్ సొంత లెక్కలకు 48 బైట్ల చోటు ఉంటుంది. టీసీపీ తన వరుస సంఖ్యలు, జెండాలు, శాక్ గుర్తులు, సెగ్మెంట్ల లెక్క అన్నీ అందులోనే సర్దుకోవాలి. సెకనుకు లక్షల ప్యాకెట్లు దాటించే చోట ఆ 48 పెరిగితే క్యాష్ మెమరీ మీద భారం పడుతుంది, వేగం తగ్గుతుంది. బెంగళూరు సింగిల్ రూమ్‌లో సామాను సర్దుకున్నట్టు సర్దుకోవాల్సిందే.

పైగా కొన్ని గదుల వెడల్పు ఎవరి చేతిలోనూ లేదు. ఐపీవీ4 హెడర్‌లో పొడవు చెప్పే గది 16 బిట్లని దశాబ్దాల క్రితమే ప్రోటోకాల్‌లో రాసేశారు. లోపలి లెక్కను 64 బిట్లు చేసినా, వైరు మీదికి వెళ్లేటప్పుడు మళ్లీ 16లోకి దిగాలి. అసలు ప్రమాదం ఆ దిగే మెట్టు దగ్గరే ఉంది. తనిఖీ చేసిన చోట సంఖ్య వెడల్పు ఒకటి, వాడిన చోట ఇంకొకటి.

కెర్నల్ వైపు ఏం మారింది

2018లో వచ్చిన 4.18 కెర్నల్‌లో కూడిక, గుణకారం పొంగితే కనిపెట్టి చెప్పే సహాయక ఫంక్షన్లు ఒక చోట చేరాయి. ఒక హెడర్, దాని వెనుక ఇన్ని అంశాల జాబితా అన్నప్పుడు సైజు కట్టే ఫంక్షన్ ఇప్పుడు పొంగితే చుట్టు తిరగదు, గరిష్ఠ విలువ దగ్గరే ఆగిపోతుంది. అంత మెమరీ ఎలాగూ దొరకదు కాబట్టి కేటాయింపు విఫలమై ప్రోగ్రాంకు ఎర్రర్ వస్తుంది. గుణకార జాతి లోపాలకు ఇది గట్టి మందు. ఒక మెమరీ ముక్కను కెర్నల్‌లో ఎన్ని చోట్ల వాడుతున్నారో చెప్పే లెక్కలు పొంగకుండా 2017లో 4.11 కెర్నల్‌లో వేరే రకం కౌంటర్ తెచ్చారు. 2022 డిసెంబర్ నాటి 6.1 నుంచి రస్ట్ భాషకు చోటిచ్చారు. రస్ట్‌లో పొంగును ఆగిపోవాల్సిన తప్పుగా చూడాలా, చుట్టు తిరగనివ్వాలా అన్నది కెర్నల్ కట్టేటప్పుడు ఎంచుకోవచ్చు. కాకపోతే నెట్‌వర్కింగ్ ప్రధాన భాగం ఇంకా సీలోనే ఉంది. టీసీపీ వరుస సంఖ్యల్లాంటి చోట్ల చుట్టు తిరగడం కావాలి కూడా. కాబట్టి మొత్తానికి ఒకే తాళం వేయడం కుదరదు.

స్కాన్ రిపోర్టులో చూడాల్సింది

2024 ఫిబ్రవరిలో లినక్స్ కెర్నల్ ప్రాజెక్టు తన లోపాలకు సీవీఈ నంబర్లు తానే ఇవ్వడం మొదలుపెట్టింది. భద్రతకు సంబంధం ఉండగలదనిపించిన దిద్దుబాట్లకు విరివిగా నంబర్లు ఇస్తుంది, తీవ్రత స్కోరు మాత్రం ఇవ్వదు. రిపోర్టుల్లో వరుసలు ఒక్కసారిగా పెరగడానికీ, కొన్నిటి పక్కన గడి ఖాళీగా ఉండటానికీ ఇది ఒక ముఖ్య కారణం. కెర్నల్ హఠాత్తుగా పాడైపోయిందని దాని అర్థం కాదు.

గడి ఖాళీగా ఉన్నప్పుడు వరుసను మూడు ప్రశ్నలతో తూచవచ్చు. పొంగే సంఖ్యను ఇచ్చేది ఎవరు: నెట్‌వర్క్ అవతలివాళ్లా, మిషన్ మీది ప్రోగ్రామా? దానికి ఏ అనుమతి కావాలి? పొంగాక జరిగేది మిషన్ ఆగిపోవడమా, మెమరీ పాడవడమా? శాక్ పానిక్ మొదటి ప్రశ్నలో పైన ఉంటుంది, మూడో ప్రశ్నలో కింద. 2017, 2020 లోపాలు సరిగ్గా తిరగేసినట్టు ఉంటాయి. ఇంటర్నెట్‌కు ఎదురుగా ఉన్న వెబ్ సర్వర్లకు మొదటి రకం ముందు, కంటైనర్లు నడిపే మిషన్లకు రెండో రకం ముందు పాచ్ కావాలి.

కెర్నల్ నంబర్ చూసి కంగారుపడటం ఇంకో మామూలు పొరపాటు. రెడ్ హ్యాట్ ఎంటర్‌ప్రైజ్ లినక్స్ 8లో అది ఎప్పుడూ 4.18 అనే కనిపిస్తుంది. కొత్త దిద్దుబాట్లను ఆ పాత నంబర్‌లోకే వెనక్కి తెచ్చి కలుపుతారు. నంబర్‌ను మాత్రమే పోల్చే స్కానర్ ఇలాంటి మిషన్‌ను లోపం ఉన్నట్టు చూపిస్తుంది. చివరన ఉండే ప్యాకేజీ బిల్డ్ నంబర్‌నూ, ఆ డిస్ట్రిబ్యూషన్ (రెడ్ హ్యాట్ లాంటి లినక్స్ కూర్పు) ఇచ్చిన భద్రతా ప్రకటననూ పక్కపక్కన పెట్టి చూడాలి. లోపం ఉండటం వేరు, దాడి జరగడం వేరు అన్నది కూడా గుర్తుంచుకోవాలి. దేశ సైబర్ భద్రతా సంస్థ సెర్ట్-ఇన్ 2022 ఏప్రిల్ 28 నాటి ఆదేశాల్లో 6 గంటల్లోగా తెలపాలన్నది సైబర్ ఘటనల గురించి. పాచ్ వేయని సర్వర్ ఉన్నంత మాత్రాన ఆ గడువు మొదలవదు.

సర్వర్లకు టికెట్లూ చేంజ్ విండోలూ ఉన్నాయి. బీటీఎం లేఅవుట్, మారతహళ్లి పీజీల్లో గోడ మీద వేలాడే వైఫై రౌటర్‌కు అవేవీ లేవు. ఇలాంటి చాలా రౌటర్లలో నడిచేదీ లినక్సే. రౌటర్ గుండా దాటిపోయే ట్రాఫిక్‌తో శాక్ పానిక్ రాదు. కనెక్షన్‌కు ఆ చివర రౌటరే ఉండాలి, అంటే దాని అడ్మిన్ పేజీ లాంటిది. ఆ పేజీ ఇంటర్నెట్‌కు తెరిచి లేకపోతే బయటివాళ్ల దారి మూసినట్టే. మిగిలేది అదే వైఫైలో ఉన్నవాళ్లు. ఫర్మ్‌వేర్ (రౌటర్ లోపలి సాఫ్ట్‌వేర్) తేదీ కూడా ఆ పేజీలోనే కనిపిస్తుంది. అది 2019 జూన్‌కు ముందుదైతే, 69632 లెక్కకు వచ్చిన దిద్దుబాటు అందులో ఉండే అవకాశం లేదు.